సీమోను మంచం పక్కన

సైదాబాద్,
6 జూలై 1970.

ప్రియమైన లీలమ్మక్కకు,

తమ్ముడు ప్రకాశం వందనాలు. ఇక్కడ నేను, నీ మరదలు సక్కుబాయి క్షేమం. నీ మోకాళ్ళ నొప్పి ఎట్లా ఉంది? జోగిపేట బస్సు డ్రైవర్ చేతికి ఇచ్చి పంపిన మందు సీసా ఆశ్రమానికి చేరిందో లేదో నువ్వు రాయనే లేదు.

ఒక దుఃఖవార్త. సీమోను నీకు గుర్తున్నాడు కదా, డిపో వర్క్‌షాపులో నాతో పాటు పనిచేసేవాడు, మా గల్లీ చివరి ఇల్లు. మే నెలలో పని మధ్యలోనే కూలబడ్డాడు. పక్షవాతం. కుడి పక్క పడిపోయింది, మాట పూర్తిగా పోయింది. అన్నీ వినపడతాయి, అన్నీ తెలుస్తాయి, ఒక్క మాట బయటికి రాదు. భార్య మాణిక్యమ్మ పొద్దున అతనికి అన్నీ చేసిపెట్టి, లాడ్ బజార్‌లో వైకుంఠం సేటు గాజుల దుకాణానికి పనికి పోతుంది. పగటిపూట పక్కింటి నాగమణమ్మ ముసలామె కనిపెట్టుకొని ఉంటుంది.

జూన్‌లో ఒక శుక్రవారం వాళ్ళింట్లో గృహకూడిక పెట్టాం. ప్రార్థన నన్నే చేయమన్నారు. మన సంఘంలో పిల్లలు పుట్టినా, పెద్దలు పోయినా నన్నే నిలబెడతారని నీకు తెలిసిందే. చేశాను. అందరూ ఏడ్చారు. పాస్టరు ఆనందరావు అయ్యగారు కూడా కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

అయితే ఆ తర్వాత మాణిక్యమ్మ గుడికి రావడం మానేసింది. స్త్రీల సమాజానికి ఆమె పెద్ద. ఆదివారం పాఠం చదివేది ఆమే. గ్రంథం తెరిచి నిలబడితే ఎక్కడా తడబాటు ఉండదు, వినేవాళ్ళు కదలరు. ఇప్పుడు ఆ చోటు ఖాళీగా ఉంది. గల్లీలో ఎదురుపడితే ముఖం తిప్పుకొని పోతోంది. కష్టం వచ్చినప్పుడు కొందరి గుండె గట్టిపడుతుంది, ఏం చేస్తాం. ఆమె మనసు మెత్తబడాలని అక్కడ మీరంతా ప్రార్థన చేయండి.

ఇంకో మాట. ఈ మధ్య నాకు ప్రార్థన కుదరడం లేదు. మాటలకు కొదువ లేదు, అవి వస్తూనే ఉంటాయి. కానీ నోట్లో ఇసుక పోసుకున్నట్టు ఉంటుంది. వర్క్‌షాపు పొగ వల్లనేమో అని సక్కుబాయితో అంటే, ఆమె నా ముఖం చూసి లోపలికి పోయింది.

నీ తమ్ముడు,
ప్రకాశం.


జోగిపేట,
15 జూలై.

తమ్మీ ప్రకాశం,

మందు సీసా అందింది. నొప్పి నొప్పి దగ్గరే ఉంది, సీసా సీసా దగ్గరే ఉంది.

నీ ఉత్తరం చదివాను. ఎక్కడెక్కడి నుంచో వచ్చే ఉత్తరాలను సాయంత్రం దీపం దగ్గర పెట్టి ప్రార్థించడం ఈ ఆశ్రమంలో ఆనవాయితీ. సీమోనును, అతని భార్యను, నిన్ను కూడా తలచుకున్నాం.

మాణిక్యమ్మ గుండె గట్టిపడిందన్నావు. ఎందుకు గట్టిపడిందో రాయలేదు. చిన్నప్పుడు బాపు జేబుగడియారం పగలగొట్టి, "బాపూ, గడియారానికి ఏమైందో జర చూడు" అని నువ్వే ఏడ్చుకుంటూ పోయావు, గుర్తుందా? ఈ ఉత్తరం కూడా నాకు అట్లాగే ఉంది. ఏం చేశావు తమ్మీ?

ప్రార్థన కుదరడం లేదంటే నేను ఫికర్ చేయను. నర్సు ఉద్యోగంలో వార్డులన్నీ పరుగెత్తిన మనిషిని నేను. ఇక్కడికి వచ్చిన కొత్తలో ఊరికే కూర్చోమంటే ఒళ్ళంతా చీమలు పాకినట్టు ఉండేది. మోకరించి గడగడా చెప్పుకుపోయేదాన్ని. అప్పటి పెద్దమ్మగారు ఒకరోజు నన్ను పక్కకు పిలిచి, "ఏం లీలమ్మా, దేవునికి రేడియో వార్తలు చదివి వినిపిస్తున్నావా? ఆయనకు తెలియనిది ఇందులో ఏమన్నా ఉందా? కాసేపు ఆయన్ని కూడా ఉండనియ్యి" అన్నది. కోపం వచ్చింది. ఇప్పుడు తలచుకుంటే నవ్వు వస్తుంది.

నువ్వు కూడా డ్యూటీకి పోయే ముందు చాప వేసుకొని కూర్చో. నోరు తెరవకు. లోపల కూడా తెరవకు. మాట వస్తే రానీ, పోతే పోనీ, దాని వెంట నువ్వు పోకు. 'ప్రభువా' అన్న ఒక్క పిలుపు దగ్గర ఉంచుకో, చాలు. అప్పుడు నీకు ఏం కనబడుతుందో దాచకుండా నాకు రాయి.

అక్క,
లీలమ్మ.


సైదాబాద్,
25 జూలై.

అక్కా,

కూర్చున్నాను. ఏం కనబడుతుందో రాయమన్నావు. సీమోను కళ్ళు కనబడ్డాయి.

మాణిక్యమ్మకు చదువు రాదు. ఒక్క అక్షరం రాదు. ఇన్నేళ్ళుగా సంఘంలో ఎవరికీ తెలియదు. రోజూ సాయంత్రం సీమోను ఆదివారం పాఠాన్ని మెల్లగా చదివేవాడు, ఆమె రొట్టెలు చేస్తూ వినేది. ఆదివారానికి అంతా నోటికి వచ్చేది. ఏ మాట దగ్గర పేజీ తిప్పాలో కూడా అతనే చెప్పేవాడు. గ్రంథం తెరిచి పట్టుకొని, అందులో చూస్తున్నట్టే నిలబడి, ఒక్క పొల్లు పోకుండా చెప్పేది.

సీమోనుకు మాట పోయాక, సక్కుబాయి నల్లా దగ్గరికి నీళ్ళకు పోయిన సమయం చూసి ఆమె మా ఇంటికి వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు. "అన్నా, ఈ ముచ్చట ఎవ్వరికీ చెప్పకు. నాకు సదువు రాదు. ఇన్నొద్దులు ఆయిన సదివి చెప్తుండె. ఇగ నాకెవరు సదివి చెప్తరు? ఆయితారం వస్తుందంటే గుండె దడదడ కొట్టుకుంటుంది. జర ప్రార్థన చెయ్యన్నా" అన్నది. మాట్లాడుతున్నంతసేపు కొంగుకు ముడి వేస్తూ విప్పుతూ ఉంది. "చేస్త చెల్లె, పరేషాన్ గాకు" అన్నాను.

ఇక ఆ శుక్రవారం. ప్రార్థన మొదట్లో చప్పగా నడిచింది. ఎవరో ఆవులించారు కూడా. అప్పుడు ఆ మాట నోటి దాకా వచ్చింది. చెప్పకూడదని నాకు తెలుసు అక్కా. తెలియక అన్నానని నీకు రాద్దామని రెండు కాగితాలు చింపాను. తెలిసే అన్నాను. "ప్రభువా, అక్షరం ముక్క రాని నీ కుమార్తె మాణిక్యమ్మను చూడు. భర్త నోటి నుంచి విన్నదే మా ముందు చదివినట్టు చెప్పిన ఈ దీనురాలిని చూడు. ఇప్పుడు ఆ నోరు కూడా మూసేశావు కదా" అన్నాను. గది గదంతా వెక్కివెక్కి ఏడ్చింది. ఆ ఏడుపు వింటుంటే నాకు ఇంకా ఊపు వచ్చింది. ఇంకా చెప్పాను.

ఆమెన్ అని కళ్ళు తెరిస్తే మాణిక్యమ్మ మా మధ్య లేదు. వంటింట్లో గోడవైపు తిరిగి నిలబడి ఉంది. మంచం మీద సీమోను నన్నే చూస్తున్నాడు. నోరు కదిలిస్తున్నాడు, చప్పుడు రావడం లేదు. కంటి నీళ్ళు చెవిలోకి కారుతున్నాయి. ఇటు జనం నా చేతులు పట్టుకొని, "ఏం ప్రార్థన చేసినవన్నా, పానం కదిలిపోయింది" అంటున్నారు. నేను ఒక్కొక్కరికీ వందనాలు చెబుతూ నిలబడ్డాను. అది తలచుకుంటే ఇప్పటికీ నా చెవులు కాలుతాయి.

ఇంటికి వచ్చాక సక్కుబాయి అన్నం పెట్టి ఒక్కటే మాట అన్నది. "నీ ప్రార్థన కంటే నల్లాకాడి ముచ్చట నయం. ఆడ కళ్ళు తెర్చుకొని చెప్పుకుంటరు."

నీకు మొదటి ఉత్తరంలో ఆమె గుండె గట్టిపడిందని రాసింది నేనే. సిగ్గుతో చచ్చిపోతున్నాను. ఏం చేయమంటావు?

ప్రకాశం.


జోగిపేట,
30 జూలై.

తమ్మీ,

నీ ఉత్తరం ఇక్కడ మా అందరి మనసులనూ కదిలించింది. నిజం చెప్పావు, అది చాలా మేలు.

ఇప్పుడు నీ కాళ్ళు ఆగవని నాకు తెలుసు. పోయి క్షమాపణ అడగాలని ఉంటుంది. ఆగు. సిగ్గుపడ్డ మనిషి రెండే పనులు చేస్తాడు. దాక్కుంటాడు, లేకపోతే నలుగురిలో గుండెలు బాదుకుంటాడు. రెండూ ఆ సిగ్గు పక్కన కూర్చోలేకనే. నువ్వు కూర్చో. దాన్ని కడగాలని చూడకు, దానికి మాటలు తొడగాలని చూడకు. తలుపు మూసుకొని ప్రార్థించమని ప్రభువు ఎందుకు చెప్పాడో నాకు ఇక్కడికి వచ్చాకనే తెలిసింది. తలుపు తెరిచి ఉంటే మనం దేవునితో మాట్లాడుతూనే గుమ్మం వైపు చూస్తుంటాం.

మాణిక్యమ్మ దగ్గరికి మాటలు పట్టుకొని పోకు. ముఖ్యంగా, నలుగురు ఉన్నచోట ఏమీ చేయకు. ఇది మరువకు.

అక్క,
లీలమ్మ.


సైదాబాద్,
3 ఆగస్టు.

అక్కా,

నీ ఉత్తరం ఈ రోజు సోమవారం అందింది. నేను చేయకూడని పని నిన్న ఆదివారమే చేసి వచ్చాను.

సాక్ష్యాలు చెప్పే సమయంలో లేచి నిలబడ్డాను. పాపం ఒప్పుకుంటే బరువు దిగుతుందనుకున్నాను. "నేను మా చెల్లె మాణిక్యమ్మ పట్ల తప్పు చేశాను, ఆమె నమ్మి చెప్పిన మాటను బయటపెట్టాను, ఆమెకు చదువు రాదన్న సంగతి..." అని మొత్తం చెప్పేశాను అక్కా. చెప్పి, అందరి ముందు మోకరించి ఏడ్చాను. కూడికలో విన్నది ఒక గదిలో పట్టినంత మంది. నిన్న విన్నది గుడి గుడంతా. తెలియనివాళ్ళందరికీ కూడా తెలియజేశాను.

ఆనందరావు అయ్యగారు లేచి, "ప్రకాశం గారి తగ్గింపు మనకందరికీ మాదిరి" అన్నారు. మెట్ల దగ్గర మనుషులు నా భుజం తట్టారు. నాగమణమ్మ ముసలామె మాత్రం గట్టిగా అడిగింది, "ఏందీ, మాణిక్యమ్మకు సదువు రాదా? నాకియ్యాల్నే తెల్సింది!" ఆమె పగలంతా ఉండేది ఆ ఇంట్లోనే.

సాయంత్రం మాణిక్యమ్మ గడప దగ్గరికి పోయాను. తలుపు సగం తెరిచింది. అరవలేదు, ఏడవలేదు. "ఇంట్ల చెప్పినవ్. గుళ్ళె చెప్పినవ్. ఇగ చార్మినార్ ఎక్కి ఎప్పుడు చెప్తవన్నా?" అని తలుపు వేసుకుంది.

నా మీద నాకే అసహ్యంగా ఉంది. డిపోలో ఎవరైనా నవ్వితే నన్ను చూసే నవ్వుతున్నారేమో అనిపిస్తోంది. రాత్రి అన్నం సహించలేదు. సక్కుబాయి నాతో మాట్లాడడం లేదు.

ప్రకాశం.


జోగిపేట,
10 ఆగస్టు.

ప్రకాశం,

నీ పశ్చాత్తాపానికి కూడా జనం కావాలా? నీ ఉత్తరం చదివి తల పట్టుకున్నాను. ఆమె బరువు ఆమె నెత్తిన ఇంకా పెంచి, నీ బరువు దించుకుని వచ్చావు.

ఇక సాక్ష్యాలు చాలు. ఇప్పుడు నీకు పనికివచ్చే మనిషి ఒక్కడే ఉన్నాడు, సీమోను. మాట లేని మనిషి. పోయి అతని మంచం పక్కన కూర్చో. ప్రార్థన చేయకు, ఓదార్చకు, క్షమించమని అడగకు. ఆమె లోపలికి రానీయకపోతే గడప బయట కూర్చో. అదీ వద్దంటే నీ ఇంటికి వచ్చి అతని వైపు ముఖం పెట్టి కూర్చో. సిగ్గుగా ఉంటే ఉండనీ. నువ్వు అక్కడ ఉన్నావని దేవునికి తెలిస్తే చాలు, ఆయన అయ్యగారికి చెప్పడులే.

లీలమ్మ.


సైదాబాద్,
20 సెప్టెంబరు.

అక్కా,

ఇన్ని రోజులు రాయలేదు, రాయడానికి ఏమీ లేక.

డ్యూటీ దిగాక రోజూ పోతున్నాను. మొదట గడప బయటే. గల్లీలో పోయేవాళ్ళు, "ఏందన్నా, తాళం పోయిందా?" అని నవ్వేవాళ్ళు. మాణిక్యమ్మ నా పక్క నుంచే బిందె పట్టుకొని పోయేది, వచ్చేది, నన్ను చూసేది కాదు. షరంతో తల ఎత్తలేకపోయేవాణ్ణి. ఒకరోజు పెద్ద వాన. తలుపు తెరిచి, "లోపట్కి రా. నువ్వు తడిసి సస్తే ఆ లొల్లి గూడ నాకే. నోరు తెర్చినవంటే మళ్ళ బయట్నే" అన్నది.

అప్పటి నుంచి సీమోను మంచం పక్కన పీట మీద కూర్చుంటున్నాను. మొదటిరోజు అతను ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. ఆ మాత్రం తిప్పడానికి ఎంత కష్టపడ్డాడో చూశాను. నేను లేచి పోలేదు.

నా లోపల ఏం ఉందో ఇప్పుడు తెలిసింది, నీకు చెప్పాలంటే సిగ్గు. నోరు మూసుకొని కూర్చున్నా లోపల ప్రార్థన తయారవుతూనే ఉంటుంది. మంచి మంచి మాటలు ఏరుకుంటాను. ఏ మాట దగ్గర గొంతు తగ్గించాలో కూడా అనుకుంటాను. ఎవరి కోసం? అక్కడ ఎవరున్నారు? నా లోపల కూడా ఒక సంఘం చాపలు వేసుకొని కూర్చుంది అక్కా. అయ్యగారు కళ్ళద్దాలు తుడుచుకుంటూ అక్కడే ఉన్నారు. ఇన్నేళ్ళు నేను ప్రభువుకు వీపు పెట్టి వాళ్ళతో మాట్లాడాను. సీమోను కోసం నేను అసలు ప్రార్థనే చేయలేదని అప్పుడు అర్థమైంది.

మొన్న ఒక సాయంత్రం ఆ మాటలు ఎందుకో సద్దుమణిగాయి. సీమోను ఊపిరి వినబడింది. వంటింట్లో రొట్టె తట్టే చప్పుడు వినబడింది. ఆ గదిలో మాతో పాటు ఇంకెవరో కూర్చుని ఉన్నట్టు అనిపించింది. భయం కాదు, చాలా చనువుగా ఉంది. వెంటనే 'ఇది అక్కకు రాయాలి' అనుకున్నాను. అంతే, పోయింది. నవ్వు వచ్చింది. నవ్వితే సీమోను నా వైపు తిరిగి చూశాడు. ఎడమ చేయి కొంచెం జరిపి మంచం అంచు మీద పెట్టాడు. నేను పట్టుకున్నాను.

మాణిక్యమ్మ మాత్రం నాతో మాట్లాడదు. గుడికి రావడం లేదు. గ్రంథం గూట్లో గుడ్డ చుట్టి పెట్టి ఉంది, దాని మీద దుమ్ము పడింది.

ప్రకాశం.


సైదాబాద్,
19 అక్టోబరు.

లీలమ్మక్కకు,

కార్డు ముక్క చాలు, ఎక్కువ రాసేది లేదు. మీ దగ్గర ఉపవాస కూడికలకు వచ్చిన ఆనందరావు అయ్యగారు నిన్న గుడి బయట నన్ను కౌగిలించుకొని, "ప్రకాశం గారూ, మీ ఉత్తరాలు అక్కడ మీ అక్కగారు చదివి వినిపిస్తే కన్ను చెమర్చని వాళ్ళు లేరు" అన్నారు. నా లోపల కూర్చున్న సంఘం గురించి, ఆవులింత గురించి, సక్కుబాయి అన్న మాట గురించి అందరికీ తెలుసట.

నువ్వు కూడానా అక్కా? నీకు తప్ప ఎవరికీ రాయని మాటలు అవి. ఇక నీకు రాయను.

ప్రకాశం.


జోగిపేట,
28 అక్టోబరు.

ప్రకాశం,

చదివాను. దాదాపు ప్రతి ఉత్తరమూ చదివాను, నీ పేరు పెట్టే చదివాను. ఉత్తరాలు చదివి ప్రార్థించడం ఇక్కడి ఆనవాయితీ అని తప్పించుకోవచ్చు. కానీ ఏవి చదవాలో, ఏవి మడిచి పెట్టుకోవాలో చెప్పేవాళ్ళు ఎవరూ లేరు. అది నా చేతిలోనే ఉంది.

ఇంకా ఉంది. నీ ఉత్తరాలే కాదు, నీకు నేను రాసిన జవాబులు కూడా పోస్టు చేసే ముందు చదివాను. అందరూ మెచ్చుకున్నారు. తలుపు మూసుకొని ప్రార్థించమని నీకు రాసిన మాటను పదిమంది ముందు చదివి, వాళ్ళు తలలూపుతుంటే సంతోషపడ్డాను. నీ జూలై ఉత్తరంలో సీమోను కన్నీళ్ళ దగ్గర గొంతు వణికించాను. నువ్వు 'తెలిసే అన్నాను' అని రాశావే, ఆ వాక్యాన్ని చదువుతూనే నేనూ తెలిసే వణికించాను. నీ కార్డు వచ్చేదాకా అందులో నా ముఖం నాకు కనబడలేదు.

ఆశ్రమంలో కూర్చున్నదాన్ని కదా, నా నోరు మూసుకుందనుకున్నాను. నీ నోరు అరువు తెచ్చుకొని మాట్లాడాను. చాలా సిగ్గుగా ఉంది తమ్మీ. ఈ ఉత్తరం ఎవరూ చదవలేదు, వినలేదు. నీ పాత ఉత్తరాలన్నీ పొయ్యిలో వేశాను.

నీకు ఇంక చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. నువ్వు నాకు రాయకపోయినా సరే, సీమోను దగ్గరికి పోవడం మాత్రం మానకు.

లీలమ్మ.


సైదాబాద్,
13 డిసెంబరు.

అక్కా,

రాయనన్నాను, రాస్తున్నాను. మొదట కొన్ని వారాలు నీ మీద మస్తు కోపంగా ఉన్నాను. డిపోలో బోల్టు బిగిస్తూ నిన్ను తిట్టుకున్నాను. నేను ఎన్నడూ చూడని జోగిపేట మనుషులంతా నా ఇంట్లో చెప్పులతో తిరుగుతున్నట్టు ఉండేది. ఎవరి దగ్గరికైనా పోయి నీ తప్పు చెప్పుకోవాలనిపించింది. నోరు తెరవబోతుండగా గుర్తొచ్చింది, మాణిక్యమ్మకు కూడా ఇట్లాగే ఉండి ఉంటుంది. ఆమె మాత్రం నా గురించి ఎవరితోనూ ఒక్క మాట చెప్పలేదు. సక్కుబాయిని అడిగితే తల అడ్డంగా ఊపింది, నల్లా దగ్గర కూడా చెప్పలేదట. నీ మీద కోపం అక్కడే దిగిపోయింది. పాత ఉత్తరాలు పొయ్యిలో వేసి మంచిపని చేశావు.

మొన్న శుక్రవారం సీమోను ఇంట్లో మళ్ళీ గృహకూడిక జరిగింది. అయ్యగారే వస్తామని కబురు పంపారు. మాణిక్యమ్మ వద్దనలేదు, రమ్మనలేదు, చాపలు పరిచింది. పాట అయ్యాక అయ్యగారు మామూలుగా, "ప్రకాశం గారూ, ప్రార్థనలో నడిపించండి" అన్నారు.

చేయనంటే అదొక సాక్ష్యం అవుతుంది. చేస్తే మళ్ళీ అదే నోరు. పీట మీదనే కూర్చుని కళ్ళు మూసుకున్నాను. సీమోను చేయి పట్టుకున్నాను. ఏమీ చెప్పలేదు.

అందరూ కాసేపు ఎదురుచూశారు. ఎవరో దగ్గారు. అయ్యగారు గొంతు సవరించుకున్నారు. నాగమణమ్మ పక్కామెతో, "మర్శిపోయిండా ఏంది?" అన్నది, అందరికీ వినబడింది. నా చెమట మెడ మీద కారుతోంది. నా లోపలి సంఘం లేచి నిలబడి గోల చేసింది, ఏదో ఒకటి చెప్పరా అని. నేను దాని వెంట పోలేదు. 'ప్రభువా' అన్న పిలుపు ఒక్కటే పట్టుకున్నాను. పక్కింట్లో స్టవ్వుకు గాలి కొడుతున్న చప్పుడు ఆగింది. మసీదులో సాయంత్రం నమాజుకు పిలిచే మగ్రిబ్ అజా మొదలై, అయిపోయింది. ఆ తర్వాత గదిలో దగ్గులు కూడా లేవు. ఒక్కొక్కరుగా ఊరుకున్నారు. సీమోను ఊపిరి, నా ఊపిరి, అందరి ఊపిరి వినబడుతోంది. ఎంతసేపో నాకు తెలియదు. మాటలు ఉంటే కదా ప్రార్థన ఎక్కడ అయిపోయిందో తెలిసేది. ఎట్లా ముగించాలో నాకు తెలియలేదు, అయ్యగారికీ తెలియలేదు.

వంటింటి గడప దగ్గర నుంచి మాణిక్యమ్మ, "ఆమెన్" అన్నది.

అప్పుడు అందరూ అన్నారు. కళ్ళు తెరిచాను. సీమోను నన్ను చూస్తున్నాడు. అతని కళ్ళలో నీళ్ళు లేవు.

ప్రార్థన తర్వాత వాక్యం చదవడం ఆనవాయితీ. అయ్యగారు పాత అలవాటుతో మాణిక్యమ్మ వైపు చూసి, వెంటనే తల దించుకున్నారు. అందరూ చాపలు చూస్తూ కూర్చున్నారు. ఆమె గూట్లో నుంచి గ్రంథం తీసింది. గుడ్డ విప్పి, కొంగుతో దుమ్ము తుడిచింది. తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. అందరి వైపు తిరిగింది.

"నాకు సదువు రాదని మీకు ఈ అన్న చెప్పిండు. అది ఈయిన చెప్పవల్సిన మాట గాదు, నాది. ఇప్పుడు నేను చెప్తున్న. నాకు సదువు రాదు." నా వైపు తిరిగి, "సదువన్నా. మెల్లగ సదువు. సీమోను మెల్లగ సదివెటోడు" అన్నది.

మంచి కాపరి పాఠం చదివాను. నా పాత గొంతు రాలేదు, రానీయలేదు. ఒక్కొక్క మాట మెల్లగా చదివాను. సీమోను కళ్ళు మూసుకున్నాడు. మాణిక్యమ్మ గోడకు ఆనుకొని వింటోంది. రొట్టెల పిండి ఇంకా ఆమె వేళ్ళకు ఉంది.

అందరూ పోయాక చెప్పులు వేసుకుంటూ, ఇన్ని నెలలుగా మింగిన మాట చెప్పాలని నోరు తెరిచాను. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"ఊకో అన్నా. మాఫ్ చేసిన్నో లేదో నాకే తెల్వదు. రేపు డ్యూటీ దిగినంక జల్ది రా. పండుగ ఆయితారం పాఠం మస్తు పెద్దగుంటది."

జూన్‌లో ఆమె మా ఇంటికి వచ్చి అడిగింది కూడా ఇదే అక్కా. నాకెవరు చదివి చెప్తారని అడిగింది. నాకు చదువు వచ్చు. నేను ఆ రోజు ప్రార్థన చేస్తానన్నాను.

నిన్న చదివి వచ్చాను. ఈ రోజు కూడా పోతాను. ఆమె రొట్టెలు చేస్తూ వింటుంది, సీమోను నేను తొందరపడితే నా వేలు నొక్కుతాడు.

సక్కుబాయి నీకు వందనాలు చెప్పమన్నది. మొన్నటి నుంచి నాతో మాట్లాడుతోంది. ఈ ఉత్తరం నీకు ఒక్కదానికే.

నీ తమ్ముడు,
ప్రకాశం.


జోగిపేట,
19 డిసెంబరు.

తమ్మీ ప్రకాశానికి,

ఆమెన్.

నీ అక్క,
లీలమ్మ.